గోడ దాటిన తీగ

కిందటి వారం మనం, కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే శశికళను, ఆబిడ్స్‌లో వామన్‌రావు వకీలు గారి గది గుమ్మంలో నిలబెట్టి వచ్చాము. ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టి, గొంతు పెంచకుండా అన్న మాట ఇంకా ఆ గదిలోనే వేలాడుతోంది. "కమలకుమారమ్మ ఉన్న జాగా ముగ్గురికే ఎర్క. నాకు, భూపాల్‌కు, నీకు. నేనైతే ఎవ్వరికీ చెప్పలే."

కమలకుమారి ఎవరో మరచినవారి కోసం రెండు ముక్కలు. ఖైరతాబాద్‌లో ఒంటరిగా ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయిని. కిందటేడు వినాయక నిమజ్జనం నాటి సందడిలో, ఎదురుగా కడుతున్న భవనం ఆరో అంతస్తు నుంచి ఒక యువకుణ్ణి ఇద్దరు మనుషులు తోసెయ్యడం తన బాల్కనీలోంచి చూసింది. చూసినది చూసినట్టు రేపు నాంపల్లి కోర్టులో చెప్పబోతోంది. ఆమెను మొదట సుల్తాన్ బజార్‌లో ఒక మేడమీద దాచారు. మూడో నాటి ఉదయం గుమ్మంలో పడిన దినపత్రికమీద పెన్సిలుతో ఆమె పేరు రాసి ఉంది. అక్కడినుంచి బేగం బజార్ వెనక సందులోకి మార్చారు. రెండు రోజులకు ఆ ఇంటి ముందు ఒక జత చెప్పులు కనిపించాయి. ఖైరతాబాద్ ఇంట్లో ఆమె వదిలేసి వచ్చిన చెప్పులే. ఎవరో వాటిని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, ముందుభాగం ఇంటిలోపలికి తిరిగి ఉండేలా పెట్టి వెళ్లారు.

ఈ సాయంత్రం ఆమెను మూడో చోటికి చేర్చాలి. ఆ చోటు ఏదో వామన్‌రావుకు ఒక్కడికే తెలుసు. మూడున్నరకు దానిని ఆయనే స్వయంగా కంప్యూటరులోని కేసు ఫైలులో ఎక్కిస్తానన్నాడు. ముందు రెండు చోట్లనూ అలాగే ఎక్కించాడు.

అయితే ఆ బుధవారం పొద్దున కార్యాలయాన్ని పట్టి పీడించిన సంగతి వేరు. కమలకుమారి వాంగ్మూలాన్ని పదమూడు భాగాలుగా వీడియో తీసి సర్వర్‌లో భద్రపరిచారు. దాని నకలు ఒకటి హార్డ్ డిస్కులోకి ఎక్కించి రేపు కోర్టులో దాఖలు చెయ్యాలి. పదింటికి ఎక్కించడం మొదలుపెడితే కంప్యూటరు తెరమీద ఇంకా ఐదు గంటల నలభై నిమిషాలు పడుతుందని వచ్చింది. పన్నెండింటికి చూస్తే ఆరు గంటలంది.

"గిదేందే శశికళా, నడుస్తుంటే దారి పెరుగుతున్నది?" అన్నాడు వామన్‌రావు.

"చూస్తున్న సార్."

"నజర్ తగిలినట్టుంది," అన్నాడు భూపాల్. ఆ కార్యాలయంలో ముప్ఫై ఏళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న మనిషి. కంప్యూటర్లమీద అతనికి గౌరవం లేదు. "నా అల్మారాల ఫైలు రెండు నిమిషాలల్ల తీస్త నేను. దానికి వైరు లేదు, ప్లగ్గు లేదు."

అసలు వీడియో సరిగా ఉన్నదో లేదో చూద్దామని వామన్‌రావు సర్వర్‌నుంచే ఒక భాగాన్ని తెరిచాడు. తెల్లచీర, ముక్కుమీదికి జారిన కళ్లజోడు, కమలకుమారి. "చూశానండీ. ఇద్దరండీ. అబద్ధమాడే వయసు కాదు కదండీ నాది. వాళ్లలో పొడుగాయన తల తిప్పి నా బాల్కనీ వైపు..." అక్కడ బొమ్మ నిలిచిపోయింది. నోరు తెరిచి ఉంది. కనురెప్పలు సగం వాలి ఉన్నాయి. ఎంతసేపటికీ కదలదు. చివరికి వామన్‌రావే చెయ్యి చాచి తెర ఆపేశాడు.

"దీన్ని బాగు చెయ్యి," అన్నాడు. "ఇయ్యాల్నే."

ఇక్కడ ఆ కార్యాలయపు పద్ధతి ఒకటి చెప్పాలి. వామన్‌రావుది పాత హైదరాబాద్ కుటుంబం. నమ్మకమనేది కళ్లెదుట కనిపించాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ కార్యాలయంలోని నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్ లేదు. అది ఆ నాలుగు గోడల మధ్య పుట్టి ఆ నాలుగు గోడల మధ్యే తిరుగుతుంది. "మన తీగ వీధిల కాలు పెట్టదు" అని ఆయన కక్షిదారులకు చెప్పుకునేవాడు. అంతటితో ఆగలేదు. పెన్ డ్రైవులు పెట్టే రంధ్రాలన్నిటిమీదా, కోర్టు కవర్లకు వేసినట్టు, భూపాల్ చేత లక్క కరిగించి ముద్ర వేయించాడు. సర్వర్‌కూ ముద్రే, జూనియర్ల కంప్యూటర్లకూ ముద్రే. ముద్ర లేనిది ఆయన సొంత గదిలో ఉన్న కంప్యూటరు ఒక్కటే. బయటికి పోయేది ఏదైనా ఆ గదికి వచ్చి, ఆయన కళ్లముందు పోవాలి. వీడియో కూడా ఆ ఒక్క దారినే రావాలి. ఆ దారే కుంటుతోంది.

శశికళ పద్ధతి ప్రకారం మొదలుపెట్టింది. భూపాల్ బల్లమీది కంప్యూటరులోకి ఒక వీడియో భాగాన్ని రప్పించి గడియారం చూసింది: ఒకటిన్నర నిమిషం. జూనియర్ బల్లలన్నీ అంతే. అయితే సర్వర్ తప్పు కాదు. వామన్‌రావు గది కంప్యూటరును మోసుకుపోయి సర్వర్ పక్కన పెట్టి పొట్టి తీగతో కలిపింది. ఒకటిన్నర నిమిషం. అయితే ఆ కంప్యూటరు తప్పూ కాదు. మిగిలినది ఆ రెంటి నడుమ, నడవా మీదుగా, ఫాల్స్ సీలింగ్ పైన పరచిన ముప్ఫై రెండు మీటర్ల బూడిద రంగు తీగ. ఆమె తన టెస్టర్‌ను చెరొక కొసకూ తగిలించింది. ఎనిమిది దీపాలూ వరుసగా, ఒకటి తర్వాత ఒకటి, పచ్చగా వెలిగాయి.

ఆమె నొసలు ముడిపడింది. తీగ తెగితే దీపం వెలగదు. తీగలు అటు ఇటు అయితే దీపాల వరుస తప్పుతుంది. అన్నీ బాగున్నాయని టెస్టర్ అంటోంది. బాగాలేదని గడియారం అంటోంది.

ఇది ఎప్పటినుంచి ఇలా ఉందన్న ప్రశ్న అప్పుడు తట్టింది ఆమెకు. పిటిషన్లు, అఫిడవిట్లు చిన్న ఫైళ్లు. అవి రెండు క్షణాలకు బదులు ఐదు క్షణాలకు వచ్చినా ఎవరూ గమనించరు. ఇంత పెద్ద వీడియో ఆ తీగమీద నడవడం ఇదే మొదటిసారి. తీగకు రోగం నిన్నటిది కావలసిన పని లేదు. టెస్టర్ విప్పి, కంప్యూటరును మళ్లీ ఆయన గదిలో పెట్టి ఆ తీగకే తగిలించింది.

"భూపాలన్నా, జర నిచ్చెన పట్టుకో."

"కింద పడ్డవనుకో, నిన్ను మోసేది నేనే. యాద్ పెట్టుకో."

సర్వర్ గదినుంచి మొదలుపెట్టి, నడవాలో ఒక్కొక్క పలకే పైకెత్తి, టార్చి వేసి చూస్తూ పోయింది. దుమ్ము, పాత ట్యూబులైటు పట్టీలు, ఎలుకలు కొరికిన థర్మోకోల్. ఏడో పలక ఎత్తేసరికి జర్దా వాసన గుప్పుమంది. కింద వీధిలోని పాన్ డబ్బా కొట్టుది కాబోలు అనుకుంది. ఆ పలక గోడ పక్కది. గోడకు అవతల ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. రెండేళ్లుగా మూతబడి ఉంది. నడవావైపు తలుపుకు వేలాడే తాళానికి తుప్పు పట్టి, దానిమీద సాలీడు గూడు కూడా కట్టింది. రోజూ చూస్తూనే ఉంది తను.

టార్చి వెలుతురు అక్కడ ఆగింది.

బూడిద రంగు తీగను ఎవరో నడిమికి కోశారు. కోసిన రెండు కొసలకూ ప్లగ్గులు బిగించి, అరచెయ్యంత నల్ల పెట్టెకు అటొకటి ఇటొకటి పెట్టారు. ట్యూబులైటు తీగనుంచే దానికి కరెంటు లాగారు. ఎనిమిది తీగలనూ నేరుగా దాటనిచ్చి నకలు మాత్రం తీసుకునే రకం అది; అందుకే టెస్టర్ పట్టలేదు. పెట్టెమీద మూడు దీపాలు. రెండు దీపాలు ఆ రెండు కొసలవి. మూడోది ఒక నీలి తీగది. ఆ నీలి తీగ ఆమె వేసినది కాదు. అది పెట్టెలోంచి బయలుదేరి, గోడలో కొత్తగా తొలిచిన రంధ్రంలోకి దూరి, టైపు ఇన్‌స్టిట్యూటులోకి పోయింది.

మూడు దీపాలూ ఒకే లయలో మిణుకుతున్నాయి. ఈ గదినుంచి ఆ గదికి ఏది పోయినా అదే క్షణాన గోడ అవతలికి కూడా పోతోంది.

శశికళ నిచ్చెన పైమెట్టును మోకాలితో నొక్కి పట్టుకుంది. సుల్తాన్ బజార్ మేడ ఈ తీగలోంచే పోయింది. బేగం బజార్ సందు కూడా ఈ తీగలోంచే పోయింది. లక్క ముద్రలు ఏ ఒక్కటీ పగలలేదు. పగలగొట్టే పని వాళ్లకు లేకపోయింది.

"ఏమున్నదే?" అన్నాడు కిందనుంచి భూపాల్.

చెప్పబోయి ఆగింది. వేళ్లు తమంతట తామే ఒక ప్లగ్గును పెట్టెలోంచి బయటికి లాగాయి. పారదర్శకమైన ప్లాస్టిక్కులోంచి ఎనిమిది సన్నని తీగల రంగులు టార్చి వెలుతురులో స్పష్టంగా కనిపించాయి. నారింజ చార, నారింజ. పచ్చ చార, పచ్చ. నీలం చార, నీలం. గోధుమ చార, గోధుమ. ఎంతో పొందికగా, ఏ రంగు పక్కన దాని జోడు.

ఆ వరుస ఆమెకు బాగా తెలుసు.

శశికళ తండ్రి సదాశివ టెలిఫోన్ శాఖలో లైన్‌మన్. టెలిఫోను తీగల్లో ప్రతి రంగుకూ ఒక జోడు ఉంటుంది. జోడును విడదీస్తే పక్క లైనులోని మాటలు ఈ లైనులో వినిపిస్తాయి. కొడుకునూ కూతురినీ నాంపల్లి క్వార్టర్లో వరండా అరుగుమీద కూర్చోబెట్టి, తీగల ముక్కలిచ్చి, "జోడును విడదియ్యొద్దు బిడ్డా" అని నేర్పాడు. కంప్యూటర్ ప్లగ్గులు వచ్చినప్పుడు కూడా ఆయన అదే నేర్పాడు. టెలిఫోనుకు అది సరైన నియమం. కంప్యూటరుకు కాదు. కంప్యూటర్ ప్లగ్గులో పచ్చ జోడును తెలిసి తెలిసి విడదీసి, నీలాన్ని దాని నడుమ కూర్చోబెట్టాలి. లేకపోతే ఎనిమిది తీగలూ కలిసినట్టే ఉంటాయి, టెస్టర్ దీపాలు ఎనిమిదీ వెలుగుతాయి. కానీ ఒక తీగలోని మాట మరొక తీగలోకి కారిపోతుంది. పంపిన ముక్క చెడి, మళ్లీ పంపి, అదీ చెడి, మళ్లీ పంపి... ఒకటిన్నర నిమిషం పని గంటల తరబడి సాగుతుంది.

కొలువులో చేరిన కొత్తలో ఒక శిక్షణ తరగతిలో శశికళ ఈ తప్పును దిద్దుకుంది. సదాశివ దగ్గర నేర్చుకున్నవాళ్లు ప్రపంచంలో ఇద్దరే. రెండోవాడు ఆ తరగతికి వెళ్లలేదు.

రవికిరణ్. ఆమె తమ్ముడు.

ఒక్కసారిగా దసరా నాటి సంగతి కళ్లముందు నిలిచింది. వాన నీరు కారి నడవాలో సీలింగ్ పాడైంది. తీగలు సర్దాలి. తను డెంగీతో దవాఖానలో పడి ఉంది. కార్యాలయం తాళంచెవిని తమ్ముడి చేతికిచ్చి, "రెండు గంటల పని, ఎవరికీ చెప్పకు" అని పంపింది. ఆ తాళంచెవిని మరొకరి చేతికి ఇవ్వనని వామన్‌రావుకు మాటిచ్చి ఉంది కనుక, కోలుకొని వచ్చాక పని తానే చేశానని ఆయనతో అబద్ధం చెప్పింది. ఆయన నమ్మాడు. ఆమె మాటను ఆయన ఎప్పుడూ రెండోసారి అడగలేదు.

"భూపాలన్నా," అంది పైనుంచే. "ఛాయ్ తాగబుద్దైతున్నది. కిందికి పోయి చెప్పి రారాదు."

"నిచ్చెన?"

"కదలను. పో."

అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా ఆగి, చేతిలోని ప్లగ్గును తిరిగి పెట్టెలో పెట్టేసింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలనిపించింది, చూడనట్టే ఉండాలనిపించింది. మూడు దీపాలూ మళ్లీ వెలిగాయి.

అరనిమిషం గడిచిందో లేదో జేబులో ఫోను అదిరింది. తెరమీద తమ్ముడి పేరు.

"అక్కా." గుసగుసగా ఉంది గొంతు. "పైన ఏమన్న పని చేస్తున్నవా?"

ఆమె భూపాల్ వస్తున్నాడేమోనని మెట్ల వైపు చూసింది.

"పెట్టె ముట్టినవా అక్కా?"

"నీకెట్ల ఎర్క?"

"లైను తెగి మళ్లొచ్చిందని ఇప్పుడే ఫోన్ చేసిన్రు నాకు. దాన్ని గట్లనే ఉండనియ్యి. ఈ ఒక్క పూట. రేపు నేనే వచ్చి తీసేస్త, నీ కాళ్లు మొక్కుత."

"ఎవర్రా ఫోన్ చేసింది?"

"కెమెరా లైన్ అన్నరు ముందు. అమ్మతోడు, గట్లనే అన్నరు. ఎర్కైనంక నాతోని కాదన్న. కాదంటే..." గొంతు ఇంకా తగ్గించాడు. "హాసిని ఇస్కూల్ ఆటో నంబర్ చెప్పిన్రక్కా. డ్రైవర్ పేరు గూడ చెప్పిన్రు. ఎడమదిక్కు కూసుంటదట రోజూ. నాకే తెల్వదు అది."

హాసిని అతని కూతురు. రెండో తరగతి. పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది శశికళే.

సరిగ్గా అప్పుడు వామన్‌రావు గదిలోంచి కీబోర్డు చప్పుడు మొదలైంది. ఆయన రెండు వేళ్లతో కొడతాడు, ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుని. మూడున్నర అయింది. మూడో చోటు ఫైలులోకి ఎక్కుతోంది. రాయడం ముగించాక ఆయన చివరి మీటను ఎప్పుడూ బల్ల అదిరేలా కొడతాడు. ఆ దెబ్బ పడగానే ఆ ఫైలు సర్వర్‌కు పోతుంది. సర్వర్‌కు పోయినదల్లా గోడ అవతలికి పోతుంది.

కేకేసి ఆపుదామని నోరు తెరిచింది. తెరిచిన నోటిలోకి మళ్లీ ఆ జర్దా వాసన వచ్చింది. ఈసారి అది ఎక్కడినుంచి వస్తున్నదో తెలిసింది. పాన్ డబ్బా రెండంతస్తుల కింద, వీధికి అటుపక్కన ఉంది. ఈ వాసన గోడ రంధ్రంలోంచి వస్తోంది. కొత్తగా, తడిగా, ఎవరో ఇప్పుడే నములుతున్నట్టుగా.

తుప్పు పట్టిన తాళం నడవావైపుది. ఇన్‌స్టిట్యూటుకు వెనక సందులోకి దిగే మెట్లు ఉన్నాయన్న సంగతి ఆమెకు ఇంతవరకు గుర్తు రాలేదు.

ఆ వాసన ఇటు రాగలిగితే తన గొంతు అటు పోగలదు. కేకేస్తే వామన్‌రావు కంటే ముందు వినేది గోడ అవతలి మనిషి.

"రవీ," అంది, పెదవులు ఫోనుకు ఆనించి, వినీవినపడనట్టు. "ఇస్కూల్ ఎన్నింటికి విడుస్తరు?"

"నాలుగింటికి. ఎందుకు?"

"ఇప్పుడే పో. ఆటో ఎక్కనియ్యకు. నువ్వే చెయ్యి పట్టుకొని తీసుకపో, ఇంటికి మాత్రం పోకు."

"అక్కా, ఒద్దు. అక్కా..."

లోపల కీబోర్డు ఆగింది. వామన్‌రావు రాసినది మరోసారి చదువుకుంటున్నాడు కాబోలు. శశికళ ఫోనును చెవికీ భుజానికీ నడుమ ఇరికించి, నడుముకున్న సంచిలోంచి కటింగ్ ప్లేయర్ తీసింది. అది పెట్టె అంచుకు తగిలి చిన్నగా మోగింది. కళ్లముందు ఒక పిల్ల ఆటోలో ఎడమవైపు కూర్చుని ఉంది. ఆ వెనకే ఒక గుమ్మం, తుడిచిపెట్టిన ఒక జత చెప్పులు, లోపలికి తిరిగిన వాటి ముందుభాగాలు. పిల్లను చేరుకోవడానికి అరగంట ఉంది. తండ్రి ఉన్నాడు. ఆ ముసలామెకు దిక్కు ఈ తీగ తెగడం ఒక్కటే.

నీలి తీగను ప్లేయర్ పళ్ల నడుమ పెట్టి నొక్కింది. టక్కుమని తెగింది.

ఆ వెంటనే లోపల బల్ల అదిరింది. పెట్టెమీద రెండు దీపాలు తడబడుతూ మిణికాయి. మూడోది ఆరిపోయి ఉంది.

"సేవ్ అయింది గని," అన్నాడు వామన్‌రావు లోపలినుంచి, "రెండు లైన్లు రాస్తే ఇంతసేపా? దొరికిందా నీకు, తప్పెక్కడో?"

"దొరికింది సార్," అంది శశికళ. ఆ తప్పును ఆయనకు మొదటినుంచి చివరిదాకా, తాళంచెవితో సహా, ఈ సాయంత్రం చెప్పక తప్పదని ఆమెకు తెలుసు. చెప్పగలనన్న ధైర్యం కూడా ఎక్కడినుంచో కొద్దిగా వచ్చింది.

"కోసినవా?" అన్నాడు తమ్ముడు ఫోనులో. అతని వెనక రైలు ప్రకటన వినిపిస్తోంది.

"కోసిన. నువ్వు నాంపల్లి టేషన్ల ఉన్నవా? బయల్దేరు."

"అక్కా, నిచ్చెన దిగు. జల్ది దిగి బయటికి రా. తీగ వేసింది నేనే గని, గాడ కూసునేటోడు నేను కాదు. నేను చూసిన ఆయనను, ఒక్కసారి. పొడుగ్గుంటడు."

వాళ్లలో పొడుగాయన తల తిప్పి నా బాల్కనీ వైపు... అని ఆగిపోయిన నోరు శశికళకు గుర్తొచ్చింది.

దిగడానికి కాలు కిందికి పెట్టబోయింది. ఎడమచేతిలో గోడవైపు పోయే నీలి తీగ కొస ఇంకా అలాగే ఉంది. అది కదిలింది. మొదట తన చెయ్యే కదిలిందనుకుంది. చేతిని బిగించి నిలిపింది. చెయ్యి నిలిచింది. తీగ నిలవలేదు. అవతల ఎవరో తొందర లేకుండా, గజం తర్వాత గజం చుట్ట చుట్టుకుంటున్నట్టుగా, దానిని రంధ్రంలోకి లాక్కుంటున్నారు. కొస ఆమె వేళ్ల మధ్యనుంచి జారి, గోడలోకి దూరి మాయమైంది.

ఖాళీ అయిన ఆ రంధ్రంలోంచి, అవతలి గదిలో ఎవరో వేసిన దీపం వెలుతురు, సన్నగా వచ్చి ఆమె ముఖంమీద పడింది. మరుక్షణం ఆ వెలుతురుకు ఏదో అడ్డం వచ్చింది.